రాయమ్మ పాట

సంగటి కెలికే చెయ్యి ఆపకూడదని ఆదెమ్మకు చిన్నప్పుడే వాళ్ళమ్మ నేర్పింది. ఎసట్లో పిండి పోశాక తెడ్డు ఆగిందంటే ఉండలు కట్టేస్తుంది, ఇంక ఆ ఉండల్ని విరగ్గొట్టడం ఎవరి తరమూ కాదు. ఆదెమ్మ కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఆగింది లేదు. జ్వరమొచ్చిన రోజు ఆగలేదు. వాళ్ళ నాయన పోయాడని కబురొచ్చిన రోజు కూడా కుండ దించినాకే ఏడ్చింది. అట్లాంటి చెయ్యి ఆ పొద్దు ఆగిపోయింది. వసారాలో మొగుడి ఆర్కెస్ట్రావాళ్ళు కొత్త పాట మొదలుపెట్టారు. ముందు గిటారు మోగింది, దాని వెనకాల తప్పెట, ఆ తర్వాత హార్మోనియం వాయించే మునస్వామి గొంతు ఎత్తుకున్నాడు.

పట్టుచీరతో ఉయ్యాల గడితి, పండుకోను రావా బావయ్యా
తలుపు తీసి దావ జూస్తి, దావంతా నువ్వే బావయ్యా
ఊరందరికీ వాయించేటోడా, ఉయ్యాల ఊపవా బావయ్యా

చివరి మాట దగ్గర ఎవరో ఈల వేశారు. అందరూ నవ్వారు.

ఆదెమ్మ వసారా వైపు తిరిగింది. ఆ పాట తనది. ఉయ్యాల తనది. దావను, ఆ దారిని చూసిన తలుపు ఇదిగో, ఈ వంటింటి తలుపే. పట్టుచీర, బావయ్య మాత్రం ఎక్కడినుంచి వచ్చారో తెలియదు.

"యాడ పెట్నావే మనసు? మాడతాండాది సూడు," అని అత్త మారెమ్మ గడప దగ్గరనుంచి అరిచింది. "ఏడుమంది మొగోళ్ళు ఆకలిమీద ఉండారు. ఉండలు కట్టిన సంగటి పెడ్తే నా కొడుకు పరువేంగావాల?"

ఆదెమ్మ మళ్ళీ తెడ్డు పట్టుకుంది. ఉండలు కట్టనే కట్టాయి.

అది ఎనభై అయిదో సంవత్సరం, ఎండలు ముదిరిన రోజులు. వాళ్ళ పల్లె పుంగనూరుకు దగ్గరే. ఆదెమ్మ మొగుడు చెంగల్రాయుడు మదనపల్లిలో హాస్టల్లో ఉండి చదువుకునేటప్పుడు చదువుకంటే గిటారు ఎక్కువ నేర్చుకున్నాడు. ఆ హాస్టలు వార్డెను దగ్గర తెల్లవాళ్ళ రికార్డులు ఉండేవట. గుర్రాల మీద పశువుల్ని తోలుకుపోయేవాళ్ళు, ఎండిన నేలల్లో సేద్యం చేసేవాళ్ళు పాడుకునే పాటల్ని గిటారు మీద పెట్టి, డ్రమ్ములు కలిపి, లోకమంతా తిప్పారట. "వాళ్ళ పల్లెపాటకు ఉండేదేంది, మన పల్లెపాటకు లేందేంది?" అనేవాడు చెంగల్రాయుడు. ఊరికే అనలేదు, చేశాడు కూడా. తప్పెట గురప్పను, మునస్వామిని, ఇంకో నలుగురిని పోగేసి 'కొండగాలి ఆర్కెస్ట్రా' అని పేరు పెట్టాడు. కోతల పాట, బావి దగ్గర ఎద్దులతో కపిల తోలే పాట, కోలాటం పాట అన్నీ గిటారుతో వాయించేవాళ్ళు. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు, జాతరలకు పిలిచేవాళ్ళు. ఆయన వాయించడానికి పోయిన రోజుల్లో చెనిక్కాయ చేలో కలుపు ఎవరు తీశారు, ఆవుకు నీళ్ళు ఎవరు పెట్టారు, వసారాలో వాయించి వాయించి అలిసినవాళ్ళకు సంగట్లోకి ఊరుబిండి ఎవరు నూరారు అంటే, దానికి పేరు పెట్టి పిలిచేవాళ్ళు ఎవరూ లేరు.

ఆ ఎండాకాలమే కుప్పం గంగమ్మ జాతరలో వీళ్ళ వాయింపు విని బెంగళూరు క్యాసెట్ల కంపెనీ ఆయన ఒకాయన స్టేజీ వెనక్కి వచ్చాడు. పేరు సుబ్రమణ్యం. "ఇట్లాంటిది నేను యాడా వినలేదప్పా. క్యాసెట్టు చేద్దాం. అయితే ఒక్క పాట మాత్రం జనం నోట్లో ఆడేది ఉండాల, దాని పేరే క్యాసెట్టుకు పెడతాం," అన్నాడు. ఆ క్యాసెట్టు తర్వాత బస్సుల్లో మోగింది, కోలారు దాకా టీ కొట్లలో మోగింది, కొండగాలి పేరు తెలియనివాళ్ళు లేకుండా చేసింది. ఆ పొద్దు మాత్రం అది ఇంకా పుట్టలేదు. నోట్లో ఆడే పాట కోసం చెంగల్రాయుడు వెతుకుతా ఉన్నాడు, దొరికింది ఇదీ.

ఎట్లా దొరికిందో ఆదెమ్మకు తెలుసు. కరువుకు కరెంటు కోతలు పడి పుంగనూరులో పిండి మిషన్లు మూతపడ్డాయి. అటక మీద దుమ్ముకొట్టుకుపోయిన విసురురాళ్ళు కిందికి దిగాయి. పొరుగింటి పాపక్క, ఆదెమ్మ ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి మీద ఇద్దరి చేతులూ పెట్టి రాగులు విసిరేవాళ్ళు. చెంగల్రాయుడు ఒకరోజు టేపురికార్డరు తెచ్చి వంటింటి గూట్లో పెట్టాడు. "మీ పాటికి మీరు పాడండి. నాకు పాత పాటలు గావాల," అని మీట నొక్కి పోయాడు. మొదట ఇద్దరూ సిగ్గుపడి రాయి మాత్రమే తిప్పారు. కాసేపటికి గూట్లో ఒకటుందన్న సంగతి మరిచిపోయారు. రాయి తిరుగుతుంటే మనిషికి అట్లాగే ఉంటుంది.

విసురురాయి దగ్గర ఆడవాళ్ళకు ఒక కట్టుబాటు ఉంది. అక్కడ పాడేది ఒకరు నేర్పిన పాట కాదు. వరస ఒక్కటే పాతది, మాటలు ఆ పొద్దుటివి. ఎవరికీ చెప్పుకోలేనిది రాయికి చెప్పుకుంటారు. పేర్లు పెట్టరు. ఎదురుగా కూర్చున్నది చివరి మాట అందుకుని తిప్పి పాడుతుంది, అంతే. పిండి ఎత్తుకుని లేచినాక ఆ మాట గురించి అడగరు, ఇంకొకరి చెవిన వెయ్యరు. అత్త గురించి పాడినా ఆ అత్త పక్కగదిలో విని విననట్టే ఉంటుంది, ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు తన అత్త గురించి పాడిందే. ఆ వరసంతా ఆడవాళ్ళకు తెలుసు. మగవాళ్ళకు తెలియదు. వాళ్ళు ఎప్పుడూ అడిగింది లేదు. వాళ్ళ చెవికి అదంతా పాత పాట, ఎప్పుడో ఎవరో కట్టిన పాట, ఊరంతటిదీ.

గూట్లో టేపు తిరుగుతున్న ఆ పొద్దు ఆదెమ్మ పాడింది ఇది.

తిరుగు తిరుగే రాయమ్మా, నా దిగులంతా తిరుగే రాయమ్మా
పాత చీరతో ఉయ్యాల గడితి, పండుకునేది లేదే రాయమ్మా
తలుపు తీసి దావ జూస్తి, దావొక్కటే వచ్చె రాయమ్మా
ఊరందరికీ వాయించినోడు, ఉయ్యాల ఊపలే రాయమ్మా

నాలుగేళ్ళ కిందట, నెలలు నిండకముందే ఆదెమ్మకు నొప్పులు వచ్చాయి. చెంగల్రాయుడు కుప్పం జాతరలో ఉన్నాడు. కబురు పంపారు. ప్రోగ్రాము ఒప్పుకున్నాక మధ్యలో ఎట్లా వచ్చేది, అయిపోగానే వస్తానని తిరుగు కబురు పంపాడు. ఆడబిడ్డ పుట్టింది. చిన్నగా, ఎర్రగా, పిడికిలి బిగించి. పాపక్క పాత చీర చింపి ఇస్తే ఆదెమ్మే పడుకున్న చోటునుంచి చెయ్యి చాచి ఉయ్యాల ముడి వేసింది. మధ్యాహ్నం దాకా ఊపిరి వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు. చెంగల్రాయుడు వచ్చేసరికి అన్నీ అయిపోయి, ఇల్లు అలికి, ఉయ్యాల విప్పేసి ఉన్నారు. "నేనుంటే మాత్రం ఏం జేద్దును?" అన్నాడు. నిజమే, ఏం చేసి ఉండేవాడు?  మారెమ్మ మాత్రం ఒకటే చెప్పింది, "దాని మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు. ఎత్తితే మళ్ళా కడుపు పండదు." ఎవరూ ఎత్తలేదు. బిడ్డకు పేరు కూడా పెట్టలేదు కాబట్టి ఎత్తడానికి పేరు కూడా లేదు.

ఇప్పుడు ఆ బిడ్డ ఉయ్యాలలో బావయ్య పండుకోబోతున్నాడు.

వసారాలో ఆ పాట విన్న రోజునుంచి ఆదెమ్మకు ఒకటే గుబులు. పాలు పిండుతుంటే గుబులు, కలుపు తీస్తుంటే గుబులు. పాపక్క ఎక్కడైనా నోరు జారితే? తన పుట్టింటి గంగవరంలో ఎవరైనా ఆ పాట విని, ఇది మన ఆదెమ్మ కష్టం కదా అంటే? ఇన్నాళ్ళూ ఇంట్లో ఎత్తని మాట మైకులో ఎత్తితే అత్త ఏమంటుంది? కూరలో ఒకరోజు రెండుసార్లు ఉప్పు వేసింది. ఇంకోరోజు అసలు వెయ్యలేదు. "క్యాసెట్టు నీ మొగునిది, దడుపు నీకా?" అని మారెమ్మ దెప్పింది.

ఆగలేక ఒకరోజు, చెంగల్రాయుడు గిటారుకు కొత్త తీగలు కడుతుంటే, కాఫీ లోటా పక్కన పెట్టి నిలబడింది. గురప్ప కూడా అక్కడే తప్పెటను ఎండకు కాచుకుంటున్నాడు.

"ఆ ఉయ్యాల పాట లేకుంటే కుదర్దా?" అంది.

"ఏందే? దాని పేరే గదా క్యాసెట్టుకు పెడ్తాండేది! 'ఉయ్యాల బావయ్య'. సుబ్రమణ్యం సారు ఎగిరి గంతేసినాడు."

"అది అట్ల పాడే పాట గాదు."

"మరెట్ల పాడేది? రాయమ్మా రాయమ్మా అని ఏడ్సుకుంటా పాడితే ఎవురు కొంటారు? వరస బంగారం, మాటలే ఏడుపు. అందుకే మార్సినా." చెంగల్రాయుడు తీగ బిగించి చెవి దగ్గర పెట్టుకున్నాడు. "అయినా ఆ వాయించినోడు అనే లైను అదిరిందే. యావుడో తప్పెటోని పెండ్లాం కట్టింటాది. వాడు ఊర్లెమ్మట తిరగతా ఉంటే పాపం ఇంట్లో కాసుకోని కూసున్నింటాది. ఏం గురప్పా, మీ అవ్వేమో అడుగు!"

"మా అవ్వ అయితే ఉయ్యాల గడ్తాదా అప్పా? సీపురుకట్ట తీసుకోని వాకిట్లో నిలబడుంటాది," అన్నాడు గురప్ప.

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆదెమ్మ మొగుడి ముఖంలోకి చూసింది. ఎక్కడైనా ఒక నీడ ఉందేమోనని, తెలిసి తెలియనట్టు ఉన్నాడేమోనని వెతికింది. లేదు. దాచుకుని కూడా లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. తన గురించి కట్టిన మాటను చేతిలో పట్టుకుని, ఎవడా మనిషి అని జాలిపడుతున్నాడు. అది చూసిన తర్వాత ఆమెకు భయం తగ్గలేదు, ఇంకో చోటికి మారింది. ఇన్నాళ్ళూ ఆ పాట ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయపడింది. ఇప్పుడు ఎవరికీ, ఎప్పటికీ తెలియదేమోనని భయం పట్టుకుంది.

పాపక్కతో అంది, "కట్టుబాటు తప్పి నేనే సెప్పేస్తే ఏమైతాది పాపక్కా?"

"ఏమైతాదో నాకేం తెల్సే? ఇంతవరకూ ఎవురూ సెప్పిందే లేదు," అంది పాపక్క, ఆవుపేడ తట్ట నెత్తిన పెట్టుకుంటూ. కాస్త దూరం పోయి మళ్ళీ వెనక్కి తిరిగింది. "ఆ బిడ్డకు నీ ముక్కే. నేను సూసినా గదా. ఎవురితోనూ అనలేదు."

పాడడానికి ఆడగొంతు కావాలని సుబ్రమణ్యం పట్టుబట్టాడు. ఆదెమ్మ పాడగలదని ఎవరికీ తోచలేదు. ఇంటి ఆడది మైకు పట్టుకోవడం అనే మాట ఆ ఇంట్లో లేదు. కుప్పంలో పాటల ఇందిరమ్మ అని నాటకాల్లో, పెళ్ళిళ్ళలో పాడే ఆమె ఉంది, ఆమెను పిలిపించారు. క్యాసెట్టు అట్టమీద బొమ్మ కోసం అందరూ మదనపల్లిలో ఫోటో స్టూడియోకు పోయారు. పల్లెటూరి వాసన రావాలని విసురురాయిని కూడా బస్సు మీద వేసుకుని పోయారు. రాయి లేని రోజులు ఆదెమ్మ పాపక్క ఇంటికి పోయి విసురుకుంది. ఫోటో వచ్చినాక చూపించాడు చెంగల్రాయుడు. మగవాళ్ళంతా పూల చొక్కాలు వేసుకుని గిటార్లు పట్టుకుని నిలబడ్డారు, ముందర ఇందిరమ్మ పట్టుచీర కట్టుకుని రాయి పిడి పట్టుకుని నవ్వుతూ ఉంది.

"మన రాయి ఎట్ల పడింది సూడే! సినిమా మాదిరి ఉండాదా లేదా?" అన్నాడు.

"ఉండాది," అంది ఆదెమ్మ. రాయి ఎట్లా పడిందో చూసింది. రాయి బాగానే పడింది.

పాట నేర్చుకోవడానికి ఇందిరమ్మ పల్లెకు వచ్చింది. వయసు నలభైకి దగ్గర, నోట్లో తాంబూలం, గొంతు మాత్రం పదహారేళ్ళ పిల్లది. ఊరూరా తిరిగి పాడేదని మారెమ్మ ఆమెకు పగిలిన గ్లాసులో నీళ్ళిచ్చింది. ఇందిరమ్మ ఆ గ్లాసు చూసి నవ్వుకుని పక్కన పెట్టి, వంటింట్లోకి వచ్చి ఆదెమ్మ పక్కన పీట లాక్కుని కూర్చుంది. ఆదెమ్మ తన లోటాలో మజ్జిగ పోసి ఇచ్చింది.

"అక్కా, ఈ పాట మీ ఇంట్లో రాయి కాడ పట్టిందంట గదా. టేపులో గొంతు ఎవురిది?"

"పాపక్కదేమో," అంది ఆదెమ్మ. చేతిలో వంకాయ జారి పడింది.

"పాపక్కను వాకిట్లో సూసినా. ఆయమ్మది ముసలి గొంతు, ఎనకాల అందుకుండేది ఆయమ్మ. ముందర పాడింది వయసు మనిషి." ఇందిరమ్మ మజ్జిగ తాగి లోటా కింద పెట్టింది. "మీ ఆయన నాకు టేపు ఇచ్చి వరస నేర్సుకోమన్న్యాడు. ఇన్న్యా. నేను ఎన్ని జాతర్లలో పాడినానో నాకే లెక్క లేదు. సరసం పాట ఏదో, ఏడ్సిన పాట ఏదో నాకు తెల్దా? వీళ్ళు ఉయ్యాల లైను కాడ నవ్వుతా పాడమంటాండారు. నవ్వు వస్తాలేదు."

ఆదెమ్మ వంకాయలు తరుగుతూనే ఉంది. అన్నీ తరిగినాక కూడా కత్తిపీట మీద చెయ్యి ఆడుతూనే ఉంది.

"బిడ్డనా?" అంది ఇందిరమ్మ, చాలా మెల్లగా.

 ఆదెమ్మ పొయ్యిలో కట్టె ఎగదోసింది. పొగకు కళ్ళలో నీళ్ళు వచ్చినా ఎవరూ ఏమీ అనరు, వంటింట్లో అదొక సౌకర్యం.

"సరేలే. రాయి కాడ మాట బయట అడక్కూడదు, నాకూ తెల్సు. మాయమ్మా విసిరినామె. అయితే ఒకటి మాత్రం అడగతా. ఇది నేను పాడేది నీకు సమ్మతమేనా?"

సమ్మతమేనా. ఆ మాట వినడం ఆదెమ్మకు అదే మొదలు. పెళ్ళిలో అడగలేదు. రాయిని మదనపల్లికి తీసుకుపోయేటప్పుడు అడగలేదు. పాటను మార్చేటప్పుడు అడగడానికి అది ఆమెదని వాళ్ళకు తెలియనే తెలియదు. లేచి విస్తరి అందుకుంది.

"అన్నం తిందువు లేమ్మా. పొద్దు పోతాండాది," అంది.

 ఇందిరమ్మ తిని, విస్తరి తానే ఎత్తి పారేసి, వసారాలోకి పోయింది. ఆదెమ్మ తనను తాను తిట్టుకుంది. ఒక్క మాట. వద్దమ్మా అనే ఒక్క మాట. నోట్లోంచి అన్నం ఎందుకొచ్చింది? ఎవరేమడిగినా అన్నం పెట్టడమే జవాబని ఎవరు నేర్పారు తనకు?

రికార్డింగుకు బెంగళూరు పోవాలనుకున్నారు కానీ, తప్పెటలు అక్కడి చిన్న గదిలో చెవులు పగలగొడతాయని సుబ్రమణ్యమే మిషన్లను కుప్పం తెచ్చాడు. ఒక కల్యాణ మంటపం మాట్లాడారు. గోడలు ఖాళీగా ఉంటే గొంతు తిరిగి కొడుతుందట, అందుకని గోడలనిండా బొంతలు వేలాడదీయాలన్నాడు. పల్లెలో ఇల్లిల్లూ తిరిగి బొంతలు అడిగి తెచ్చింది ఆదెమ్మ, పాపక్క. ఒక్కో బొంతలో ఎన్నో పాత చీరలు. మంటపం గోడలకు అవన్నీ కట్టినాక ఊళ్ళో ఆడవాళ్ళంతా వచ్చి గోడలకు ఆనుకుని నిలబడినట్టు ఉంది. వంటకు మనిషి కావాలి కాబట్టి ఆదెమ్మ కూడా వచ్చింది. మంటపం వెనక రేకుల షెడ్డులో పొయ్యి పెట్టుకుంది.

పొద్దున్నుంచి అన్ని పాటలూ అయ్యాయి. కోతల పాట ఒకే ఊపులో వచ్చింది, కపిల పాటకు గురప్ప వాయింపు చూసి సుబ్రమణ్యం తల పట్టుకుని ఊగిపోయాడు. ఉయ్యాల పాట ఒక్కటి మిగిలింది. ఫ్యాన్లు శబ్దం చేస్తాయని ఆపేశారు. తలుపులు మూశారు. లోపల కొలిమిలాగా ఉంది. ఆదెమ్మ షెడ్డులో కాఫీ కలుపుతూ వింటోంది. ఇందిరమ్మ ఎత్తుకుంటుంది, రెండో లైనుకు ఆగిపోతుంది. మళ్ళీ మొదలు. మళ్ళీ ఆగిపోతుంది.

ఆగిన ప్రతిసారీ ఆదెమ్మ చెంచా పక్కన పెట్టి తలుపు వైపు చెవి ఒగ్గుతోంది. ఎన్నిసార్లు ఆగినా చివరికి ఒకసారి పాడేస్తుంది. పాడేశాక ఆ టేపు బెంగళూరు పోతుంది. అక్కడ మిషన్లో వందలు వందలుగా అచ్చయి తిరిగి వస్తుంది. పుంగనూరు బస్టాండులో, పెళ్ళి పందిళ్ళలో, జాతరలో మగవాళ్ళు ఈల వేస్తారు. పిడికిలి బిగించుకుని మధ్యాహ్నం దాకా ఊపిరి పీల్చిన ఆ పసిదానికి ఈ లోకంలో మిగిలింది ఆ నాలుగు లైన్లే. పేరు లేదు, గుర్తు లేదు, ఇంట్లో మాట లేదు. ఆ నాలుగు లైన్లు కూడా పోతే, తానొక బిడ్డను కన్నదని తనకే నమ్మకం పోతుంది.

కాఫీ లోటాలు పళ్ళెంలో పెట్టుకుని మంటపం తలుపు తోసింది.

"గొంతు బాగలేదామ్మా?" అని సుబ్రమణ్యం ఇందిరమ్మను అడుగుతున్నాడు. "కాసేపు ఆగుదాం పోనీ. ఈలోగా చెంగల్రాయుడూ, ఈ పాటకు అట్టమీద ఎవరి పేరు వెయ్యాల? ఎవరు కట్టింది?"

"పాతకాలందీ సార్. ఎవురు కట్టినారో ఎవురికి తెల్సు? మా ఆర్కెస్ట్రా పేరే ఎయ్యండి."

ఇందిరమ్మ మైకు ముందునుంచి లేచి పక్కకు జరిగింది.

"పాతకాలంది గాదు సార్," అంది. "ఈ పాట కట్టినామె బతికే ఉండాది. ఆమె సమ్మతి లేకుండా నేను పాడేది మర్యాద గాదు. అందుకే నోరు రాలేదు."

"ఎవురామె? ఏ ఊరు?" అన్నాడు చెంగల్రాయుడు. గొంతులో నిజంగా ఆత్రం ఉంది. "సెప్పు ఇందిరమ్మా, ఇప్పుడే పొయ్యి అడిగొస్తా!"

ఇందిరమ్మ చెప్పలేదు. ఆదెమ్మ వైపు చూడను కూడా చూడలేదు. తాంబూలం డబ్బీ తెరిచి ఆకుకు సున్నం రాసుకోవడంలో పడిపోయింది. తలుపు తెరిచిపెట్టి, లోపలికి వచ్చేదీ రానిదీ నీ ఇష్టం అన్నట్టు.

ఆదెమ్మ చేతిలో కాఫీ పళ్ళెం అట్లాగే ఉంది.  కాఫీ ఇచ్చి పోవచ్చు. ఎవరూ ఏమీ అడగరు. ఇన్నాళ్ళూ అట్లాగే వచ్చి పోయింది. పళ్ళెం నేల మీద పెట్టింది.

"నేనే," అంది.

చెంగల్రాయుడు ముందు నవ్వాడు. "నువ్వా? నువ్వెప్పుడు కట్టినావే?"

"నువ్వు ఈ ఊర్లోనే జాతరలో వాయిస్తా ఉన్నప్పుడు పుట్టి పోయింది గదా, దానికి కట్టినా. ఉయ్యాల కట్టింది పట్టుచీరతో గాదు. పాత చీర. పాపక్క సింపి ఇచ్చింది. తలుపు తీసి దావ సూసింది నీకోసం. నువ్వు రాలేదు, దావే ఉండాది." ఆమె గొంతు ఆగలేదు. ఈసారి ఆగితే ఉండలు కడుతుందని ఆమెకు తెలుసు. "ఊరందరికీ వాయించినోడు గురప్ప తాత గాదు. నువ్వే."

గురప్ప తప్పెట మీదనుంచి చెయ్యి తీసేశాడు. మునస్వామి హార్మోనియం తిత్తి మెల్లగా మూశాడు, అది నిట్టూర్చినట్టు చప్పుడు చేసింది. చెంగల్రాయుడి ముఖం మీద నవ్వు అట్లాగే నిలిచిపోయి, కాసేపటికి ఎక్కడ పెట్టాలో తెలియనట్టు జారిపోయింది. ఆయన పెదవులు కదులుతున్నాయి. ఒక్కో లైనూ మనసులో మళ్ళీ పాడుకుంటున్నాడని ఆదెమ్మకు తెలిసింది.

"ఇంటికి పొయ్యి మాట్లాడుకుందాం పా," అన్నాడు చివరికి, తల వంచుకుని.

"ఇంట్లో రాయి కాడ మాట్లాడతానే ఉండా. నువ్వు వసారాలో ఉంటావు."

 సుబ్రమణ్యం మిషను దగ్గరనుంచి ముందుకు వచ్చాడు. "అమ్మా, తెలియక జరిగింది. నీకు వద్దంటే ఆ పాట తీసేస్తాం. దాని బదులు ఇంకోటి పెడతాం," అన్నాడు. అంటున్నాడు కానీ మనసొప్పక అంటున్నాడు. చెంగల్రాయుడు తలెత్తి ఆమెకేసి చూశాడు. క్యాసెట్టంతా ఆ పాట మీదే నిలబడి ఉంది, ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. ఆయన కళ్ళలో అడగలేని మాట ఒకటి ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన ఆమె ఏమంటుందోనని ఎదురుచూస్తున్నాడు.

తీసెయ్యమంటే ఎంత సుఖం! వెనక్కి పోయి పొయ్యి ఆర్పుకుని, బొంతలు విప్పుకుని, ఎవరి బొంత వాళ్ళకు ఇచ్చేసి, మళ్ళీ రాయి ముందర కూర్చోవచ్చు. రాయి ఎవరికీ చెప్పదు. అదే దాని మంచితనం అనుకుంది ఇన్నాళ్ళూ. గోడలకు వేలాడుతున్న బొంతలకేసి చూసింది. ఈ చీరలు కట్టుకున్న వాళ్ళంతా ఎవరికి వాళ్ళు ఒక్కో రాయికి చెప్పుకుని, పిండి ఎత్తుకుని, నోరు తుడుచుకుని లేచినవాళ్ళే. ఒకరి మాట ఒకరికి తెలుసు. బయటికి ఒక్కటీ పోలేదు.

కొంగుతో చేతులు తుడుచుకుని మైకు ముందర కూర్చుంది. ఇందిరమ్మ వెనకాలే వచ్చి, పాపక్క కూర్చునే చోట, ఎదురుగా కూర్చుంది. చివరి మాట అందుకోవడానికి.

"తీసెయ్యొద్దు సార్," అంది ఆదెమ్మ. "బావయ్యల్ని తీసెయ్యండి. నా మాటలు నేను పాడతా."

సుబ్రమణ్యం మిషను దగ్గరికి పోయాడు. చెంగల్రాయుడు గిటారు ఒళ్ళోకి తీసుకున్నాడు. వేళ్ళు తీగల మీద పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఎప్పుడూ పాట ఆయన గిటారుతోనే మొదలవుతుంది, మిగిలినవాళ్ళు ఆయన వెంట వస్తారు. పక్కవాళ్ళకు వినపడనంత మెల్లగా అడిగాడు.

"ఏ సుతిలో వాయించేది?"

"నేను ఎత్తుకుంటా," అంది ఆదెమ్మ. "నువ్వు ఇనుకోని, నా ఎనకాల రా."